దేవుడు ఒప్పుకున్న చదువు

గొర్రె వాసన వదిలించుకోవడానికే నేను చదువుకున్నాను. ఊరిని ఉద్ధరించాలనో, అమ్మానాయినల పేరు నిలబెట్టాలనో నాకెప్పుడూ లేదు. సన్మాన సభల్లో ఎవరైనా అలాంటి మాటలు చెబుతుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మాది మక్తల్ దగ్గర పల్లె. ఇంటిల్లిపాదీ గొర్రెల మీద బతికినవాళ్లం. ఊళ్లో చదువు అయిపోయి మక్తల్ బడికి మారిన కొత్తలో, నా పక్కన కూర్చున్న పిల్ల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి నిలబడింది.

"మేడం, నేను వేరే బెంచీకి పోత. గీమె దగ్గర గొర్రె వాసనొస్తాంది."

క్లాసంతా నవ్వింది. మేడం నావైపు ఒకసారి చూసి, ఆ పిల్లను ముందు బెంచీకి పంపింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ ఏడాదంతా ఆ బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను.

సబ్బు అరిగిపోయేదాకా రుద్దుకున్నా ఆ వాసన పోయేది కాదు. నాయిన కప్పుకునే గొంగడిలో ఉండేది, నా జడలో ఉండేది, అన్నంలో కూడా ఉందేమో అని నాకు అనుమానం. చలికాలం మందలో పిల్లలు పుడితే వాటిని ఇంట్లోనే, నా చాప పక్కనే పడుకోబెట్టేవారు. తెల్లారి లేచేసరికి ఒక గొర్రెపిల్ల నా యూనిఫాం మీద మూత్రం పోసి, అమాయకంగా నా మొహంలోకి చూసేది. గొర్రెపిల్లలు ముద్దుగా ఉంటాయని రాసేవాళ్లను నాలుగు రోజులు మా ఇంట్లో పడుకోబెట్టాలి.

నాకు లెక్కలు బాగా వచ్చేవి. లెక్కలకు వాసన ఉండదు. పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో లెక్కల గ్రూపు తీసుకుంటానన్నాను. కానీ అప్పటికే నాయిన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. తెలంగాణ వచ్చాక మా కులపోళ్లకు సర్కారు గొర్రెలు పంచింది. మాకూ వచ్చాయి. దూరం నుంచి వచ్చిన గొర్రెలు, మా నేల కొత్త, వానలు పడగానే రోగం తగిలింది. డాక్టరు వచ్చేసరికి కొన్ని పోయేవి, వచ్చి వెళ్లాక కొన్ని పోయేవి. నాయిన వాటిని ఒక్కొక్కటిగా మోసుకెళ్లి పూడ్చి వచ్చి, చేతులు కడుక్కోకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"మన ఇంట్లనే ఒక డాక్టరుంటే గిట్లయితుండెనా" అన్నాడు.

అలా నన్ను జంతుశాస్త్రం గ్రూపులో చేర్పించారు. నేనూ పెద్దగా కొట్లాడలేదు. మనుషుల డాక్టరునవుదామనుకున్నాను. దవాఖానలో ఫినాయిల్ వాసన తప్ప ఇంకేమీ ఉండదని నా లెక్క. పరీక్ష రాశాను. వచ్చిన ర్యాంకు మనుషులకు సరిపోలేదు. పశువులకు సరిపోయింది.

సీటు వచ్చిన రోజు మా ఇంటి ముందు కులపెద్దలంతా చేరారు. "ఇగ మన గొర్లకు ఫికర్ లేదు" అని ఒకరినొకరు మెచ్చుకున్నారు, సీటు వాళ్లకే వచ్చినట్టు. ఆ వారంలోనే పుట్టిన ఒక మగ గొర్రెపిల్లను నాయిన చంకన వేసుకొచ్చి, గుట్ట మీద ఉన్న మా కులదేవుడికి మొక్కాడు. బిడ్డ చదువు సక్కగ సాగాలె, ఇది నీదే సామీ అన్నాడు. దేవుడికి విడిచినదాని బొచ్చు మా ఇంట్లో కత్తిరించరు. మిగతా మందంతా ఏడాదికి రెండుసార్లు గొరిగించుకుని తేలికపడితే, ఆ పిల్ల మాత్రం మొక్కు తీరేదాకా బొచ్చు మోస్తూ తిరగాలి.

ఆ సాయంత్రం నాయిన ఇంకో మాట కూడా అన్నాడు. నాకు నౌకరీ రాగానే గొర్రెలన్నీ అమ్మేసి, నాతోపాటు క్వార్టర్లో ఉందామన్నాడు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తింది. మా అమ్మ మాటలు తక్కువ మనిషి. పెళ్లయిన నాటి నుంచి నాయినతో పాటు మంద వెంట నడిచింది. ఎండాకాలం గడ్డి కోసం కృష్ణ ఒడ్డు దాకా మందను తోలుకుపోయి, నెలల తరబడి ఎవరి చేలల్లోనో పడుకునేది. కూర్చున్న చోటు నుంచి లేవాలంటే నడుం పట్టుకుని రెండు విడతలుగా లేచేది.

"క్వార్టర్ల నల్లా ఉంటదా?" అని అడిగింది.

"ఇంట్లనే ఉంటది" అన్నాడు నాయిన.

ఆమె మళ్లీ పొయ్యి ఊదుకుంది. నేను ఆ మాటను పట్టించుకోలేదు.

పశువైద్య కాలేజీ హైదరాబాద్ చివర ఉండేది. మొదటి వారంలోనే మమ్మల్ని ఫారం డ్యూటీకి పంపారు. ఎదురుగా గొర్రెల దొడ్డి. వాటిని చూడగానే నేను గేటు దగ్గరే ఆగిపోయాను. అవి మాత్రం నన్ను చుట్టంలా గుర్తుపట్టి అరిచాయి. పారిపోయి పారిపోయి, ఇంత దూరం వచ్చి, ఎంట్రన్సు రాసి మరీ గొర్రెల దొడ్డిలోకి వచ్చి పడ్డాను. నా తెలివికి నాకే ఏడుపొచ్చింది.

మా బ్యాచ్‌లో చాలామంది పట్నం పిల్లలు. నా రూమ్మేట్‌కు కుక్కలంటే ప్రాణం. వాళ్లింట్లో కుక్కకు పుట్టినరోజు చేస్తారట. గొర్రె గిట్టలు కత్తిరించాల్సి వచ్చినప్పుడల్లా ఆమె చాకు నా చేతిలో పెట్టి పక్కకు జరిగేది.

"ప్లీజ్, నువ్వు చేసెయ్. నీకు అలవాటే కదా" అనేది.

సారు కూడా అంతే. అందరినీ దొడ్డి చుట్టూ నిలబెట్టి, "గొర్రెను పట్టుకోవడం ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అని మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మక్తల్ బడిలో నవ్వినప్పుడు కూడా నాకు అంత అవమానం అనిపించలేదు. అక్కడ కనీసం ఆ వాసనే నా గొప్ప అని ఎవరూ అనలేదు.

మార్కులు వచ్చేవి. చదువు కష్టమై వద్దనుకున్నానని ఎవరైనా అంటే నేనొప్పుకోను. రెండో ఏడాది ఒకరోజు శవపరీక్ష హాల్లో చచ్చిన గొర్రె పొట్ట కోశాం. లోపలి నుంచి కూడా అదే వాసన వచ్చింది. అప్పుడు తేల్చుకున్నాను. ఇది చేయను. ఇంకో ముప్పై ఏళ్లు, ఊరూరా, దీని కడుపులోకి చేతులు పెట్టి బతకను.

తేల్చుకున్నాక నలుగురినీ అడిగాను. అడగడం మర్యాద కదా. ఒక సీనియర్ అక్క, "కళ్లు మూసుకుని పట్టా తీసుకో, తర్వాత బ్యాంకు పరీక్షలు రాసుకో" అంది. కళ్లు మూసుకుంటే సరిపోదని, ముక్కు కూడా మూసుకోవాలని ఆమెకెలా చెప్పను. సారును అడిగితే, ఈ సీటు కోసం ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా అన్నాడు. వాళ్లలో ఒకరికి ఇచ్చేయండి సార్, ఇద్దరి ఏడుపూ తీరుతుంది అందామనుకుని, తల ఊపి వచ్చేశాను. ఇంటర్ లెక్కల పరీక్ష ప్రైవేటుగా రాసి, పాలమూరులో డిగ్రీలో చేరి లెక్కలు చదవాలి, తర్వాత పిల్లలకు పాఠాలు చెప్పుకోవాలి. నాకు కావాల్సింది అంతే. చేరిన రెండేళ్లు పోతాయి, మిగిలిన బతుకు మిగులుతుంది. లెక్క సరిగ్గానే ఉంది. ఇంట్లో చెప్పడమే మిగిలింది.

ఫోన్లో చెప్పాను.

"పానం మంచిగలేదా బిడ్డా?" అన్నాడు నాయిన.

"మంచిగనే ఉన్న నాయినా. గీ చదువు నాతోని కాదు. నాకు వద్దు."

ఆయన చేతిలోంచి అమ్మ ఫోన్ తీసుకుంది. "రా బిడ్డా. ముందుగాల ఇంటికి రా" అంది. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఆమె నావైపే ఉందని నాకు నమ్మకం కుదిరింది. ఆ రాత్రి హాస్టల్లో హాయిగా నిద్రపోయాను.

ఇంటికి వెళ్లేసరికి నాయిన కారణం కనిపెట్టేసి కూర్చున్నాడు. "మొక్కు తీర్చలే. పొట్టేలు ఎదిగి కూసున్నా గుట్టకు తీస్కపోలే. గందుకే నీ మనసు నిలుస్తలేదు" అన్నాడు. ఆదివారం గుట్ట మీద పొట్టేలును కోద్దామన్నాడు. కోసే ముందు దేవుడినే అడుగుదామన్నాడు.

మాలో దేవుడిని అడగడం ఇలా ఉంటుంది. పొట్టేలును దేవుడి ముందు నిలబెట్టి, మొక్కింది చెప్పుకుని, దాని వీపు మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు దులుపుకుంటే దేవుడు ఒప్పుకున్నట్టు. అప్పుడే కోస్తారు. దులపకపోతే దేవుడికి ఇష్టం లేదని దాన్ని వదిలేస్తారు. ఒక జీవం మీద చన్నీళ్లు గుమ్మరించి, అది వణికితే సరేనంది అంటారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా నాకు అందులో వింతేమీ కనిపించేది కాదు.

దొడ్డిలోకి వెళ్లి ఆ పొట్టేలును చూశాను. రెండేళ్లకు పైగా కత్తెర తగలని బొచ్చు, వీపు మీద జానెడు మందాన అట్టకట్టి ఉంది. వేలు పెట్టి చూస్తే నూనె జిడ్డు. చెంబుడు నీళ్లు పోసినా ఒక్క చుక్క చర్మం దాకా దిగదు. చర్మానికి చల్లదనం తగలకపోతే అది ఎందుకు దులుపుకుంటుంది? రెండేళ్ల పశువైద్యంలో నాకు పనికొచ్చిన పాఠం అదొక్కటే.

లోపలికి వచ్చి నాయినతో చెప్పాను. "సరే నాయినా, దేవున్నే అడుగుదం. పొట్టేలు దులిపితే నేను కాలేజీకి వాపసు పోత, మళ్ల ఒక్క మాట అన. దులపకుంటే చదువు ఇడిసిపెడుత, నువ్వొక్క మాట అనొద్దు. మూడు చెంబులు. అంతే."

నాయిన రెండు చేతులూ జోడించాడు. నా బిడ్డకు దేవుడి మీద గురి కుదిరిందని ఆయన కళ్లు తడిశాయి. ఆ ముసలాయనను నేను ఎంత తేలిగ్గా మోసం చేస్తున్నానో అనుకుని లోపల్లోపల మురిసిపోయాను. అమ్మ మూల కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మూడు చెంబులు అన్నప్పుడు ఒక్కసారి చేయి ఆపి నావైపు చూసింది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం గుట్ట ఎక్కాం. కులపోళ్లంతా వచ్చారు, డోలు వచ్చింది. మా కులపు పూజారి పొట్టేలును గుడి ముందు నిలబెట్టి, నాయిన చెప్పినట్టే అందరూ వినేలా అడిగాడు. "సామీ, పోరి సదువుల ఉండాల్నంటే దులుపు. వద్దంటే గమ్మునుండు."

మొదటి చెంబు పోశాడు. నీళ్లు బొచ్చు మీద నుంచి జారి నేల మీద పడ్డాయి. పొట్టేలు నెమరు వేస్తూనే ఉంది.

రెండో చెంబు. "దులుపు సామీ, దులుపు" అని నాలుగు వైపుల నుంచీ అరుపులు. పొట్టేలు నావైపు చూసింది. జీవితంలో మొదటిసారి ఒక గొర్రె మీద నాకు ప్రేమ పుట్టింది. అది దులపకపోతే అదీ బతుకుతుంది, నేనూ బతుకుతాను. కదలకే తల్లీ, అని దాన్ని బతిమాలుకున్నాను. పోతును తల్లీ అంటున్నానన్న సోయి కూడా లేదు.

మూడో చెంబు. ఏమీ లేదు. డోలు ఆగిపోయింది. నాయిన తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "ఏం తప్పయింది సామీ" అన్నాడు. ఆయన మొహం చూడలేక నేను గుట్ట కిందికి చూశాను. కింద రోడ్డు మీద పాలమూరు బస్సు పోతోంది. నేను గెలిచాను.

"ఆగుండ్రి" అంది అమ్మ.

ఆమె ముందుకు నడిచింది. "మొఖానికి బొట్టు పెట్టలే ఎవ్వలు. బొట్టు లేంది ఎట్ల ఒప్పుకుంటడు?" అంటూ పళ్లెంలోంచి కుంకుమ తీసి పొట్టేలు నుదుట పెట్టింది. ఎడమ చేత్తో దాని తల నిమిరింది. కుడి అరచేతిలో పసుపు నీళ్లు తీసుకుని, మొహం తుడుస్తున్నట్టు తుడిచి, వేళ్లతో చెవి మడత విప్పి, ఆ నీళ్లు చెవిలోకి వంచింది. నేను పక్కనే ఉన్నాను. స్పష్టంగా చూశాను.

పొట్టేలు కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించింది. ఆ నీళ్లు నా మొహం మీద పడ్డాయి.

"ఒప్పుకుండు! ఒప్పుకుండు!" అని గుట్టంతా అరిచింది. డోలు మోగింది. నాయిన నేల మీద బోర్లా పడి మొక్కాడు. చెవిలో పోసింది అని అరుద్దామని నోరు తెరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. అంతలోనే కత్తి దిగింది. నేను అమ్మ మొహంలోకి చూశాను. ఆమె తల తిప్పుకోలేదు.

సాయంత్రం ఇంటి వెనక అమ్మ కూర్చుని పొట్టేలు పేగులు కడుగుతోంది. ముందు వాకిట్లో జనం తింటున్నారు. నేను వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"చెవుల ఎందుకు పోసినవ్?"

"సూసినవా?"

"సూసిన. నాయినకు చెప్త."

"చెప్పుకో. మూడు చెంబులని నువ్వెందుకన్నవో నేను గూడ చెప్త" అంది, చేతిలో పేగును తిరగేస్తూ. "గొర్ల నడుమ పుట్టి పెరిగినదాన్ని. బొచ్చు సంగతి నాకు తెల్వదనుకున్నవా?"

"మరి ఫోన్ల రమ్మంటివి గద!"

"రమ్మన్న. ఇడిసిపెట్టి రమ్మనలే."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు గా వాసన పడదమ్మా. నా బతుకంత గదే వాసనల ఉండుమంటవా?"

అప్పుడు ఆమె చేయి ఆపింది. "నాకు పడుతదనుకున్నవా?" అంది. "నన్ను అడిగిండ్రా ఎవ్వలన్న? పదిహేనేండ్లకు నీ నాయిన మంద ఎనక నిలబెట్టిండ్రు. గంతే. నా నడుం ఇరిగింది. నువ్వు లెక్కలు సదువుకుంట పాలమూర్ల కూసుంటే, నేను మళ్ల గొర్లెంబడి కృష్ణ ఒడ్డుకు పోవాల్నా? డాక్టరైతే క్వార్టరిస్తరు. ఇంట్ల నల్లా ఉంటది. నేను గాడ కూసుంట. నువ్వు సదివేది నా కోసం గూడ. ఇద్దరం తప్పిచ్చుకుంటే గొర్లెవ్వలు కాస్తరు?"

ఆమె కడిగిన పేగులను గిన్నెలో వేసి, నడుం పట్టుకుని, రెండు విడతలుగా లేచి లోపలికి వెళ్లింది. నేనామెను అసహ్యించుకున్నాను. కన్నతల్లిని అలా అనకూడదంటారు. అనుకున్నది అనుకున్నాను.

ఎవరినీ అడగకుండా పాలమూరు పోయి చేరిపోవచ్చు కదా అని నన్ను తర్వాత ఒకరిద్దరు అడిగారు. రెండు రోజుల్లోనే దేవుడు చెప్పిన సంగతి మక్తల్ దాకా పాకిపోయింది. నేను మానేయాలంటే నాయినకు ఒకటి చెప్పాలి. దేవుడు అబద్ధమాడాడనో, అమ్మ అబద్ధమాడిందనో. ఆయనకున్నవి ఆ ఇద్దరే. పైగా నాకంత తెగువ కూడా లేదు. బుధవారం బస్సెక్కి కాలేజీకి వెళ్లిపోయాను. పొట్టేలు మాంసం డబ్బాలో కట్టిచ్చారు. నా రూమ్మేట్ రెండుసార్లు వడ్డించుకుని తింది.

ఇప్పుడు నేను దేవరకొండ వైపు ఒక పశువుల దవాఖానలో డాక్టరును. తండాల నుంచీ ఊళ్ల నుంచీ పొద్దున్నే మందలు వస్తాయి. మందులు తాగిస్తాను, పుళ్లు కడుగుతాను, అడ్డం తిరిగిన పిల్లలను చేయి పెట్టి బయటికి లాగుతాను. పని బాగా చేస్తానని పేరుంది. నీకు అలవాటే కదా అనేవాళ్లు ఇక్కడా ఉన్నారు. నాయిన గొర్రెలన్నీ అమ్మేసి వచ్చి, దవాఖాన రేకుల కింద కూర్చుని, వచ్చినవాళ్లకల్లా పొట్టేలు దులిపిన కథ చెబుతాడు. "మా బిడ్డ ఇడిసిపెడుతన్నది. దేవుడే ఇడువొద్దన్నడు" అంటాడు. మంద వెళ్లిపోయేటప్పుడు వాటి వెంట గేటు దాకా నడిచి వెళ్లి నిలబడతాడు. పాపం, ఆయనకు గొర్రెలంటే నిజంగానే ఇష్టం. మా ముగ్గురిలో వాటి దగ్గర ఉండాల్సినవాడు ఆయనొక్కడే.

అమ్మ క్వార్టర్లో ఉంటుంది. ఇంట్లోనే నల్లా. పగలు ఎన్నిసార్లు తిప్పుతుందో తెలియదు గానీ, నేను ఎప్పుడు వచ్చినా నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. మంచి వాసనొచ్చే సబ్బు తెప్పించుకుంటుంది. మెడకు పౌడరు రాసుకుంటుంది. దవాఖాన వైపు కిటికీ ఎప్పుడూ తెరవదు. నడుం నొప్పి తగ్గింది, మనిషి కొంచెం ఒళ్లు చేసింది. పక్క క్వార్టర్ల ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు మేం ఏం చేసి బతికామో చెప్పదు.

సాయంత్రం పని ముగించుకుని నేను ఇంటికి వస్తాను. నా అడుగుల చప్పుడు వినగానే అమ్మ గుమ్మంలోకి వచ్చి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది.

"గాడ్నే ఆగు" అంటుంది. "బకెట్ల నీళ్లు పెట్టిన, ముందుగాల కడుక్కో. ఇంట్లకు గొర్రె వాసన పట్టుకొస్తున్నవ్."

నేను బయటే ఆగుతాను.